ఏడో పేజీ

నేను ఒక మినిట్స్ పుస్తకాన్ని. ఉప్పుమడుల పక్కనున్న ఓ చిన్న ఊళ్ళో దేశభక్త వారసత్వ సంఘం శాఖ పెట్టినప్పుడు, 1972లో, నన్ను కొన్నారు. నా ఏడో పేజీలో ఒక నిజం ఉంది. రాసినవాడు తప్ప దాన్ని ఇంకెవరూ చదవలేదు.

శాఖ పెద్ద జగన్నాథరావు గారు మంచం మీదనుంచి చెబుతుంటే కార్యదర్శి జోగయ్య మాస్టారు రాశారు.

"ముప్పైలో ఉప్పు సత్యాగ్రహం కేసులో తన పేరు బదులు నా పేరు చెప్పి జైలుకి వెళ్ళినవాడు మా మడి కూలీ సూరయ్య, మాస్టారూ. నేను తప్పించుకున్నాను. ఇన్నాళ్ళూ చెప్పడానికి నోరు రాలేదు. రాతి ఫలకం వేస్తే ముందు అతని పేరే చెక్కించండి. సమావేశంలో ఇది చదవండి."

వారం తిరక్కుండా ఆయన పోయారు. మాస్టారికి బదిలీ అయింది. తరవాతి సమావేశంలో నన్ను తెరిచి, అన్ని సంఘాల్లాగే, 'గత మినిట్స్ చదివినట్టు భావించి ఆమోదించడమైనది' అని రాశారు. టీ చల్లారిపోతోందట.

పాతికేళ్ళ తరవాత, స్వాతంత్ర్య స్వర్ణోత్సవానికి ఫలకం సిద్ధమవుతుంటే సూరయ్య కూతురు అప్పయ్యమ్మ వచ్చింది. అప్పటికి అధ్యక్షుడు జగన్నాథరావు గారి మనవడు వాసుదేవరావు.

"మా అయ్య ఆరు నెల్లు జైల్లో ఉన్నాడు బాబూ. ఈపు మీద దెబ్బలు నా కళ్ళతో సూసినాను. ఆ రాయి మీద పేరెయ్యండి."

"దెబ్బలు ఉప్పుమడిలో కూడా తగుల్తాయిలే అమ్మమ్మా," అన్నాడో సభ్యుడు. అందరూ నవ్వారు.

"జైలు రికార్డులో మా తాతగారి పేరుంది, మీ నాన్న పేరు లేదు," అన్నాడు వాసుదేవరావు, నా అట్ట మీద అరచెయ్యి ఆనించి. "ఈ పుస్తకంలో లేనిది జరగనట్టేనమ్మా."

ఆ చేతికింద ఏడో పేజీ ఉంది. నాకు నోరు లేదు.

ఆ తరవాత ఐదారేళ్ళకే సంఘం మూతపడింది. నేను గ్రంథాలయంలో అద్దాల పెట్టెలో, ఆ స్వర్ణోత్సవ సమావేశం నాటి పేజీ దగ్గర తెరిచి ఉన్నాను. మొన్న అప్పయ్యమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. ఆమెకు చదువు రాదు.

"మా అయ్య సూరయ్య పేరు ఇందల ఉందేటి బాబూ?"

అటెండరు వంగి చూశాడు. 'సూరయ్య పేరు చేర్చవలెనన్న అర్జీ, ఆధారాలు లేనందున తిరస్కరించడమైనది.'

"ఉందవ్వా. సూరయ్య అని చక్కగా రాసుంది."

ఆమె అద్దం మీద ఆ చోట వేలు పెట్టించుకుని చాలాసేపు నిలబడింది. తరవాత కొంగుతో అద్దం తుడిచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.