ఆగ్నేయంలో బావి

రేపల్లెలో ఆ ఇల్లు నేను గోడలు చూసి కొనలేదు. గోడలు పెచ్చులూడి, వంటింటి పెంకుల సందుల్లోంచి ఆకాశం కనపడేది. కొన్నది పెరట్లో బావిని చూసి. ఆ వీధిలో ఎవరు బోరు వేసినా ఉప్పునీళ్లే. ఈ ఒక్క బావి నీళ్లు మాత్రం తియ్యగా ఉంటాయి. ఇల్లు బాగుచేయించి, మంచినీళ్ల బావి ఉందని చెప్పి అమ్ముదామనుకున్నాను. అందుకోసం మా అమ్మ పెట్టిన గాజులు అమ్మేశాను. ఇది అమ్ముడుపోతే బాపట్లలో ఇంకో పాత ఇల్లు కొనచ్చు. పోకపోతే గాజులూ లేవు, బాపట్ల ఇల్లూ లేదు, తెనాల్లో లెక్కల పంతులమ్మగానే మిగిలిపోతాను.

ఇదంతా మా ఆయన భాస్కరరావుగారికి అన్నం వడ్డించినప్పుడల్లా చెప్పాను. ఆయన కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఊ కొట్టారు.

పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడి నేను గుంటూరు వెళ్లాల్సొచ్చింది. ఇంటి మరమ్మతు పని చూసుకుంటానని ఆయన రేపల్లెలో ఉన్నారు. నేను తిరిగొచ్చేసరికి కొత్త గచ్చు, కొత్త తలుపులు, గోడలకు లేత పసుపు రంగు. సంతోషంగా పెరట్లోకి వెళ్లాను. బావి లేదు. దాని చోట చదునుగా మట్టి, మధ్యలో తులసి మొక్క.

"బావేదండీ?"

"పూడ్పించేశాను. బాపట్ల నుంచి సిద్ధాంతిగారిని తీసుకొచ్చి చూపించాను. ఆగ్నేయంలో బావి ఇంటి ఆడదానికి కీడంట. ఈశాన్యంలో బోరు వేయించాను. పాత గోడల రద్దంతా అందులోనే పోయించా, ట్రాక్టరు బాడుగ కలిసొచ్చింది."

మెచ్చుకుంటాననుకుని నవ్వుతూ నిలబడ్డారు. నాకు ఒళ్లు మండిపోయింది. బోరు కొట్టి దోసెడు నీళ్లు నోట్లో పోసుకున్నాను. సముద్రమే.

"నా కోసం పూడ్చారా? నన్నొక్క మాట అడిగారా?" అన్నాను.

"నీకు వాస్తు ఏం తెలుసు?" అన్నారు.

ఆ ఆదివారమే ఇల్లు చూడ్డానికి మస్తాన్‌రావు, పేరమ్మ వచ్చారు. చేపల వ్యాపారం వాళ్లది. పేరమ్మ గదుల వైపు తిరిగైనా చూడకుండా నేరుగా పెరట్లోకి నడిచింది.

"చేపలమ్మే రోజుల్లో గంప దించుకుని ఈ బావి నీళ్లే తాగేదాన్నండి. బావేదండీ పంతులమ్మగారూ?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన వాస్తు మొత్తం వివరించారు. పేరమ్మ ఓపిగ్గా విన్నది.

"బావి లేకపోతే ఈ ఇల్లు మాకెందుకండి," అని మొగుణ్ణి తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత వచ్చినవాళ్లూ బోరు నీళ్లు రుచి చూసి వెళ్లిపోయారు. మా ఆయన మాత్రం రంగు బాగోలేదేమో అన్నారు.

ఇక నేను ఆయన్ని అడగలేదు. సెలవు పెట్టి, పూడిక తీసేవాళ్లను మాట్లాడుకుని రేపల్లె వెళ్లాను. తులసిని కుండీలోకి మార్పించి, తవ్వమన్నాను. ఆయన వెనకే వచ్చి, పనివాళ్ల ముందే, "సిద్ధాంతిగారి మాట కాదంటావా? ఇంటి ఆడదానికి కీడని చెప్తుంటే" అని గొంతు పెంచారు.

"ఆ ఆడదాన్ని నేనేగా. నాకు జరగాల్సిన కీడు మీరు బావి పూడ్చినప్పుడే జరిగింది. పక్కకి తప్పుకోండి, మట్టి మీద పడుద్ది," అన్నాను.

పగిలిన పెంకులు, సున్నపు పెళ్లలు, చివరికి బురద బయటికొచ్చాయి. నీళ్లు తేరుకున్నాక పేరమ్మకి కబురు పెట్టాను. చేద వేసి తోడుకుని, కడుపునిండా తాగి, చీర చెంగుతో మూతి తుడుచుకుంది.

"ఇప్పుడు గదులు చూపించండమ్మా," అంది.

రిజిస్ట్రేషన్ అయిపోయి, ఇద్దరం తెనాలి రైలెక్కాం. వేమూరు దాటాక మా ఆయన తృప్తిగా కాళ్లు చాపుకున్నారు.

"చూశావా, ఈశాన్యంలో బోరు వేయించబట్టే ఇల్లు అమ్ముడుపోయింది. ఈసారి కొనేముందే సిద్ధాంతిగారికి చూపిద్దాం."

నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను. అరిస్తే ఆయనకి అర్థమవుతుందన్న ఆశ అప్పటికే పోయింది.

బాపట్లలో ఇల్లు కొన్నాను. దానికీ ఆగ్నేయంలోనే బావి ఉంది. అది ఏ వీధిలో ఉందో ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు.