దేవవ్వ తాపిన నీళ్లు

మూడు రోజుల ముసురుకు వాగు పొంగి మా ఊరి తొవ్వ తెగింది. గా పొద్దుగాలనే నర్మద కొడుక్కు వాంతులు, బేదులు మొదలైనయి. పదకొండు నెలల పిల్లగాడు. నేను ఊరి ఆశా వర్కర్‌ను. నేను పోయేసరికే వాని కండ్లు గుంటలు పడ్డయి. ఏడిస్తే నీళ్లు రాలే.

అంబులెన్సుకు ఫోన్ చేసిన. వాగు తగ్గితేనే వస్తమన్నరు.

ఓఆర్‌ఎస్ కలుపుతుంటే నర్మద అత్త కమలవ్వ అడ్డమొచ్చింది. "నీళ్లు తాపకు రెబెకా! తాపినకొద్ది కిందికే పోతున్నయి. కడుపు ఎండితే బేదులు గవే కడుతయి."

నేను ఎంత చెప్పినా వినలే. నర్మద అత్తకు ఎదురు చెప్పలేక పిల్లగాన్ని ఎదకు అదుముకున్నది.

గప్పుడే పక్కింటి దేవవ్వ సాంచాలు బంద్ చేసి వచ్చింది. అరవై ఏండ్లు దాటినా ఇంకా బట్ట నేస్తది. ఎవరితోని ఎక్కువ మాట్లాడది.

"కమలా, నాకు ఇద్దరు పిల్లలు పోయిండ్రు, ఎరుకేనా?"

"ఎరుకే అక్కా. జెరమొచ్చి పోయిండ్రంటివి గద."

"జెరం కాదు. బేదులైతున్నయని నేనే నీళ్లు బంద్ పెట్టిన. చిన్నది గిలాస దిక్కు చెయ్యి చాపింది. నేను గిలాస దాచిన."

నలభై ఏండ్ల సంది ఎవరికీ చెప్పని మాట అది. కమలవ్వ కండ్లు తుడుచుకుని పక్కకు జరిగింది.

దేవవ్వ పిల్లగాన్ని ఒళ్లె పండుకోబెట్టుకుని, నేను కలిపిన నీళ్లు చెంచాతోని తాపవట్టింది. వాడు ఆత్రంగా అందుకున్నడు. కక్కితే, "ఫికర్ లేదు బిడ్డా" అని జర ఆగి, మళ్ల ఇంకా మెల్లగ తాపింది. నడుమనడుమ పాలియ్యమని నర్మదకు అందించింది. పొద్దంతా అన్నం ముట్టలే. తాపుడు ఎట్లనో ట్రైనింగుల నాకు నేర్పిండ్రు. గంత ఓపిక మాత్రం నేను ఆమె దగ్గరనే చూసిన.

పగటి మూడు గంటలకు పిల్లగాడు దేవవ్వ ఒళ్లెనే ఉచ్చ పోసిండు. తడిసిన చీర చూసుకుని ఆమె పక్కున నవ్వింది. "నీళ్లు ఒంటికి పట్టినయే!" అన్న నేను. నర్మద ఏడ్చింది.

సాయంత్రం వాగు తగ్గి అంబులెన్సు వచ్చింది. కరీంనగర్ దవఖానల రెండు రోజులుండి పిల్లగాడు మంచిగై వచ్చిండు.

మోరీల నల్లా పైపు పగిలి, గా మురికే తాగే నీళ్లల్ల కలిసిందని తెల్సినంక, దేవవ్వ పంచాయతీ ముంగట కూసుని దాన్ని మార్పించింది. ఇప్పుడు బాలింతల ఇండ్లకు నా ఎంబడే వస్తది. తన పిల్లల ముచ్చట తనే చెప్తది. గిలాస దాచిన మాట కాడ ప్రతిసారీ కొంగుతోని కండ్లు తుడుచుకుంటది. అయినా చెప్పుడు ఆపలే.