ఇంటికో స్తుతి చీటీ

ఆదివారం ఉదయం మొగుడి తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తుంటే జేబులో కాగితం తగిలింది. స్తుతి చీటీ. వాళ్ల చర్చిలో నెలకోసారి ఇంటికొకటి చొప్పున పెట్టెలో వేస్తారు. సంఘ పెద్ద పైకి చదువుతాడు, రాసిన మనిషి లేచి నిలబడితే అందరూ ఆమెన్ అంటారు. అలా స్తుతించినదాన్ని వెనక్కి తీసుకున్నవాళ్లు ఇంతవరకూ లేరు. ఆ సంఘ పెద్ద ఆమె మొగుడే. తన చీటీ జేబులో ఉంచుకుని ఆఖర్న చదువుకుంటాడు.

"పెద్ద ఉద్యోగం వద్దనే బుద్ధి నా భార్యకు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం" అని ఉంది.

ఆమె ఇంకా వద్దనలేదు. పదకొండేళ్లుగా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతోంది. రక్తం మరకకి చల్లనీళ్లే వాడాలని కొత్తవాళ్లందరికీ నేర్పింది ఆమే. శుక్రవారం మేనేజరు పిలిచి లాండ్రీ మొత్తం చూసుకోమన్నాడు. సోమవారం జవాబు చెప్పాలి. ఆ మాట ఇంటిదాకా దాదాపు పరుగున మోసుకొచ్చింది. మొగుడు కంచం ముందు కూర్చుని నవ్వాడు.

"నీకు పెద్దరికం ఎందుకే? ఆర్డర్లు వెయ్యాలనుంటే కుక్కరు మీద వెయ్."

తన కొడుక్కి వేళకి టీ ఎవరిస్తారు, మీ పెద్ద డాక్టరా అని అత్తగారు అడిగింది. తర్వాత అతను ప్రార్థన అందుకున్నాడు. వానకీ పంటకీ కంచానికీ పేరుపేరునా స్తోత్రం చెప్పాడు. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి ఊసు అందులో ఏనాడూ ఉండదు. ప్రార్థన ముగిసేసరికి కూర చల్లారితే మాత్రం ఆ మనిషి గుర్తొస్తుంది.

దొరక్కముందే స్తుతించడం విశ్వాసమని ఇరవై ఏళ్లుగా ఆమెకి నూరిపోసింది కూడా అతనే. మంచి పాఠమే. ఇన్నాళ్లూ ఒక్కడే వాడుకున్నాడు. చిన్నప్పుడు పరుగుపందెంలో గీత దగ్గర నిలబడ్డప్పటిలా ఆమె గుండె కొట్టుకుంది. చీటీ మడిచి జేబులోనే పెట్టింది. కూతురి నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, నిలబడే రాసింది. చీటీ ఇంటాయనే రాయాలన్నది అలవాటేగానీ, ఆ సంగతి పెట్టెకి తెలియదు.

ఆమె చేతిరాత అతనికీ తెలియదు. సరుకుల చీటీ అయినా ఆమే రాసుకుని ఆమే తెచ్చుకునేది.

"లాండ్రీ బాధ్యత నాకు అప్పగించినందుకు, రేపు ఒప్పుకునే ధైర్యం ఇచ్చినందుకు, ఇంత చాకిరీలోనూ అరిగిపోని ఈ చేతులు ఇచ్చినందుకు, దేవునికి స్తోత్రం." చర్చిలో పెట్టెలోంచి ఆ కాగితం తీసి, అలవాటైన గంభీరమైన గొంతుతో, మాటలు బుర్రకెక్కించుకోకుండానే మొగుడు చివరిదాకా చదివేశాడు. "ఎవరమ్మా ఆ సోదరి? లేవాలి."

ఆమె లేచింది. నవ్వు ఆగలేదు. హాలంతా ఆమెన్ అంది. అలవాటుకొద్దీ అత్తగారు కూడా అనేసింది. అతని చెయ్యి జేబుదాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది.

ఆ చొక్కాకి ఆమె చేసిన ఆఖరి ఇస్త్రీ అదే.