నాలుగు మూలల పసుపు

నేను డీటీపీ నేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి సరిగ్గా ఇరవై రెండు రోజులు. కొత్తపేటలో బాపిరాజు గారి షాపులో నా చేతికొచ్చిన మొదటి పెళ్లికార్డు అండాలమ్మ గారి కూతురు గీతది. ఆవిడ భర్త రెండేళ్ల క్రితం పోయారు. "కార్డు మీద ఆయన మొఖం కనవడాలె బిడ్డా, గంతే," అన్నారావిడ. ఇంకేమీ అడగలేదు.

రెండు రోజులు కూర్చుని చేశాను. మధ్యలో పేర్లు, వాటి చుట్టూ బంగారు రంగు లతలు. పైన ఎడమ మూల ఖాళీగా కనిపిస్తే ఆవిడిచ్చిన ఆయన ఫోటోని గుండ్రంగా కత్తిరించి అక్కడ పెట్టేశాను. అంచుల దగ్గర చోటు వదలమని బాపిరాజు గారు మొదటిరోజే చెప్పారు. కటింగ్ మిషన్ కోసమే కదా అని, కొలిచి మరీ మూడు మిల్లీమీటర్లు వదిలాను!

నమూనా కార్డు ప్రింటు తీసి చేతిలో పెట్టగానే అండాలమ్మ గారు మురిసిపోయారు. "మంచిగొచ్చిండు," అంటూ సంచిలోంచి చిన్న డబ్బా తీసి, తడిపిన పసుపులో వేలు ముంచారు. మొదటి కార్డు దేవుడికి కదా! కుడివైపు రెండు మూలలకీ పెట్టారు, ఎడమవైపు కింద పెట్టారు. పై మూల దగ్గర వేలు ఆగిపోయింది.

"ఈయన మొఖం మీద ఎట్ల పెడ్తనమ్మా?"

మా ఇంటికొచ్చే ప్రతి శుభలేఖకీ నాలుగు మూలలా పసుపు చూస్తూనే పెరిగాను. ఒక్కసారీ గుర్తు రాలేదు.

నా మొహం చూసి ఆవిడే సర్దుకున్నారు. "పోనీ తియ్యి, మూడు మూలలకే పెడ్త. సాయంత్రం ఎల్బీ నగర్‌ల బస్సెక్కాలె, ఊళ్లె పంచాలె."

"మూడు మూలలేంటండీ, శుభమా అని పెళ్లి చేస్తూ!" బాపిరాజు గారు లేచొచ్చారు. "మృదులా, కంప్యూటర్లో కార్డు చూశావు గానీ, మనిషి చేతిలో కార్డు ఊహించుకోలేదు. ఆ లతలు తీసేయ్."

"రెండ్రోజులు గీశానండీ..."

"చుట్టాలు నీ లతల్ని చూసి రారమ్మా పెళ్లికి."

ఒక్కో తీగా తీసేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. కానీ గీత పేరు పక్కన ఎంత చోటొచ్చిందో! ఫోటోని అక్కడికి జరిపి, కాస్త పెద్దది కూడా చేశాను. నాలుగు మూలలూ బొటనవేలంత మేర తెల్లగా వదిలేశాను.

రెండో నమూనాకి అండాలమ్మ గారు నాలుగు మూలలా పసుపు పెట్టి, వేలు తుడుచుకోకుండా కార్డు వైపే చూస్తూ ఉండిపోయారు.

"ఉన్నన్ని రోజులు లారీ మీదనే తిరిగిండు. ఇప్పుడన్న బిడ్డ పక్కకొచ్చి నిలవడ్డడు," అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఇగ కొట్టు బిడ్డా, అన్నీ గిట్లనే."