అక్కకు తమ్ముడి వైద్యం

ఇంట్లో అతణ్ని అందరూ బుర్ర అనే పిలుస్తారు. చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు. కేన్సర్ కణాలు ఎలా చస్తాయో చూడడమే పన్నెండేళ్లుగా ల్యాబులో అతని ఉద్యోగం. అందుకని అక్కకు కీమో మొదలవగానే అడక్కుండానే సలహాదారు అయిపోయాడు. నీరసం తగ్గుతుందని యాంటీఆక్సిడెంట్ మాత్రలు తెచ్చి, పూటకొకటి వేసుకోమన్నాడు. డాక్టర్ని అడగొద్దా అని అక్క అంటే, ఆయనకు నేను చెప్పాలి గానీ ఆయన నాకు చెప్పేదేముందన్నాడు. అంటూ అద్దంలో ఒకసారి చూసుకున్నాడు కూడా.

మూడో కీమోకు ముందురోజు ల్యాబు చూడడానికి కొందరు వైద్యులొచ్చారు. ఇక బుర్రకు పట్టపగ్గాల్లేవు. కీమో మందు కేన్సర్ కణంలో ఆక్సీకరణ ఒత్తిడి పెంచుతుందనీ, అది తట్టుకోలేకే కణం చస్తుందనీ చెప్పి, కేన్సర్ కణాలు పెంచిన రెండు గాజు గిన్నెలు చూపించాడు. మొదటిదాంట్లో మందు ఒక్కటే వేశారు, కణాలన్నీ ముడుచుకుపోయి చచ్చాయి. రెండోదాంట్లో అదే మందుతోపాటు, ఆ ఒత్తిడిని తగ్గించే యాంటీఆక్సిడెంట్ వేశారు. అక్కడ కణాలు నిక్షేపంగా ఉన్నాయి.

"చూశారా, ఇది కలిపితే మందు దండగే," అన్నాడు గర్వంగా.

అన్నాక ఆ మాట అతని చెవిన కూడా పడింది. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు. ఆ మతిని రోజూ సాయంత్రం ల్యాబు కోటుతోపాటు మేకుకు తగిలించి ఇంటికి వెళ్తున్నట్టు పన్నెండేళ్లకు తెలిసొచ్చింది.

మర్నాడు అక్కను చూసే డాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడి అంతా చెప్పాడు. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గిన్నెలో జరిగిందే ఒంట్లోనూ జరగాలని లేదనీ, జరగలేదని తానూ చెప్పలేననీ, మాత్రలు మాన్పించి స్కాన్ చూద్దామనీ అన్నాడు.

బుర్రకు ఒక్క ఆశ మిగిలింది. అక్క చిన్నప్పటినుంచీ మందులు ఎగ్గొట్టే మనిషి. తన సలహా గాలికి వదిలేసి ఉంటే చాలు, జన్మలో ఇంకెవరికీ సలహా ఇవ్వనని మొక్కుకుంటూ వార్డులోకి వెళ్లాడు. ఏమీ చెప్పకముందే అడిగాడు.

"అక్కా, ఆ మాత్రలు ఎప్పుడైనా మానేశావా? నిజం చెప్పు, ఏమీ అనను."

అక్క నొచ్చుకుంది.

"ఒక్కటీ మానలేదురా," అంది. "వాంతిలో పడిపోతే మళ్లీ ఇంకోటి వేసుకునేదాన్ని. నువ్వు తెచ్చినవి కదా."