అందుకుంది అన్న మాట

నా భార్య చెల్లెలి మొగుడు మా ఆఫీసులోనే చేరుతున్నాడని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. అత్తగారింట్లో ఎలాగూ వాడిదే పైచేయి. చిన్నల్లుడు నోరు విప్పితే మా అత్తగారు ముఖం చేటంత చేసుకుని వింటుంది. నేను నోరు విప్పితే ఆవిడకు వంటింట్లో పని గుర్తొస్తుంది. పన్నెండేళ్లుగా ఆఫీసులోనైనా నా మాటకు తిరుగులేదనుకుంటే, అక్కడికీ తయారయ్యాడు.

మాది బస్సు టికెట్లు అమ్మే కంపెనీ. ఏ సీటు ఖాళీగా ఉందో చెప్పే డేటాబేస్ క్లౌడ్‌లో మూడు సర్వర్ల మీద నడుస్తుంది. వాటిలో ఎప్పుడూ రెండు పనిచేస్తూ ఉండాలి, లేదంటే అన్ని కౌంటర్లూ ఆగిపోతాయి. అందుకే రీస్టార్ట్ ఒక్కొక్కదానికే చేస్తాం. ముందుది లేచి, తాను పడుకున్నప్పుడు జరిగిన అమ్మకాలన్నీ మిగతావాటి నుంచి అందుకున్నాకే రెండోదాని మీద చెయ్యి వేయాలి. ఒకరు కీబోర్డు దగ్గర, ఒకరు తెర దగ్గర కూర్చుంటారు. తెర మీద ఆ సర్వర్ పేరు పక్కన పసుపు రంగు పోయి పచ్చరంగు రాగానే తెర దగ్గరివాడు "అందుకుంది" అంటాడు. ఆ తర్వాత ఇక ఎవరూ ప్రశ్న వేయరు. ఆ పద్ధతి పెట్టింది నేనే.

ఆ నెలలోనే మా విభాగం హెడ్ కుర్చీ ఖాళీ అయింది. అది నాదేనని నా నమ్మకం. మేనేజరేమో, ఒక్క టికెట్ ఆగకుండా పట్టపగలే రీస్టార్ట్ చేస్తానన్న వాడి ప్లాన్ చూసి మురిసిపోయాడు. అందులో తప్పు దొరుకుతుందేమోనని రెండు రోజులు వెతికాను. దొరకలేదు. కడుపు మండిపోయింది.

ఆ రోజు వాడు కీబోర్డు దగ్గర, నేను తెర దగ్గర. మొదటి సర్వర్ లేచింది. రంగు ఇంకా పసుపే. అంతలో మేనేజర్ వచ్చి వాడి భుజం తట్టి, నువ్వుంటే నాకు బెంగ లేదన్నాడు.

"అందుకుంది," అన్నాను.

నోరు జారిందని చెప్పుకోవాలని ఉంది. జారలేదు.

వాడు రెండోదాని రీస్టార్ట్ నొక్కాడు. నిజంగా పనిచేసేది ఒక్కటే మిగిలింది. ఏడు నిమిషాలు ఎక్కడా ఒక్క టికెట్ తెగలేదు, ఫోన్లు హోరెత్తిపోయాయి. ఇది ఎవరి వల్ల జరిగిందని మేనేజర్ నిలదీశాడు. వాడు తలవంచుకుని, తానే తొందరపడ్డానని చెప్పాడు.

సాయంత్రం మెట్ల దగ్గర ఆపి, ఎందుకలా చెప్పావని అడిగాను.

"నా కుర్చీలోంచి మీ తెర కనిపిస్తుంది అన్నయ్యా. పసుపే ఉంది. మీరు చెప్పారు కదా అని నొక్కాను."

కుర్చీ నాకే వచ్చింది. అత్తగారు మాత్రం తప్పు ఒప్పుకున్నాడని చిన్నల్లుణ్ణే మెచ్చుకుంది. సిగ్గులేకుండా దానికీ కుళ్లుకున్నాను.

నెల తిరిగాక మళ్లీ రీస్టార్ట్ పడింది. పచ్చరంగు వచ్చింది. ఒకటికి రెండుసార్లు చూసుకుని "అందుకుంది" అన్నాను.

వాడు నొక్కలేదు. అక్కడి నుంచే కనిపిస్తుంది, అయినా లేచి వచ్చి నా వెనక నిలబడి తెర చూశాడు. వెళ్లి కూర్చున్నాడు. అప్పుడు నొక్కాడు.