తీసి పెట్టుకునే టాపు

గాలి ముందు నోట్లోకి వచ్చేది.

తర్వాత చెవుల్లోకి. తర్వాత జడలోకి, జాకెట్టు చేతుల్లోకి, చీర కుచ్చిళ్ళలోకి. గాలి నిండా బొగ్గు వాసన. పళ్ళ మధ్య కరకరలాడేది. అయినా సరే... నోరు తెరిచి తాగేదాన్ని.

కమాన్‌పూర్ రోడ్డు మీద, పొద్దు వాలే వేళ, రెండు సీట్ల ఎర్ర కారులో, నెత్తి మీద ఏమీ లేకుండా.

ఏమీ అంటే ఏమీ. ఆకాశం ఒక్కటే.

కారు మా ఆయనది. భీమశంకరం గారు, ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఇంజనీరు. హైదరాబాదులో ఎవరో జాగీర్దారు గారి మేడ వెనక, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న కారును చూసి మనసు పారేసుకున్నారు. లారీ మీద వేయించుకుని తెచ్చారు. మడత పెట్టే గుడ్డ టాపు ఒకప్పుడు ఉండేదట. ఎలుకలు తినగా ఊచలు మిగిలాయి. ఆదివారాలన్నీ ఆయన దాని కిందే పడుకున్నారు. తీరా అది కదిలిన రోజున మోజు తీరిపోయింది. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ముద్దుకేమీ కాదు, రోజూ తిప్పకపోతే బ్యాటరీ పడుకుంటుందని.

ఎందుకైతేనేం.

నాకు గాలి దొరికింది.

క్వార్టర్లో గాలి ఉండేది కాదు. కిటికీ తెరిస్తే బొగ్గు. తలుపు తెరిస్తే బొగ్గు. తెల్ల దుప్పటి బయట ఆరేస్తే సాయంత్రానికి అది ఎవరి దుప్పటో. మధ్యాహ్నం సైరన్ మోగేది. వెనకాలే బ్లాస్టింగ్. గోడలు ఒక్కసారి వణికేవి, అల్మారాలో గిన్నెలు గలగలమనేవి, పక్క క్వార్టర్లో పసిపిల్ల లేచి ఏడ్చేది. అదయ్యాక మళ్ళీ ఫ్యాను చప్పుడు.

నేను ఉప్పాడలో పుట్టినదాన్ని. సముద్రపు గాలికి తలుపులు బాదుకోకుండా గడియకు గుడ్డ చుట్టే ఇంట్లో పెరిగాను. ఇక్కడ తలుపులు బాదుకోవు. మూసే ఉంటాయి. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ మూసిన తలుపుల మధ్య కూర్చుని, ఊపిరాడక, దవాఖానకు కూడా వెళ్ళాను. డాక్టరమ్మ గుండె విని, ఏమీ లేదమ్మా, బాగా తినండి అంది.

తినడానికేం. తింటూనే ఉన్నాను.

అంట్లు తోమే సమ్మవ్వ ఆ కారును మొదటిసారి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏందమ్మా, గీ బండికి నెత్తే లేదు! సారు సగం బండే కొన్నడా ఏంది?"

"సగమే బాగుంది సమ్మవ్వా."

"వాన వడితె?"

"తడుస్తా."

"నీకు పిస వట్టింది తియ్యి," అంది, నవ్వుతూ బూడిద చేతుల్తోనే కారు చుట్టూ ఒక తిరుగు తిరిగి.

అవును. పిచ్చే. రోజుకు ఒక్క గంట పిచ్చి. మిగతా గంటలన్నీ ఆ గంట కోసం కాచుకుని కూర్చోవడం. వంట చేస్తూ కాచుకోవడం... ఇస్త్రీ చేస్తూ... ఆయన బూట్లలో బొగ్గు దులుపుతూ...

ఎనభై ఏడు ఎండాకాలంలో క్లబ్బులో ఎవరో అన్నారట. "మీ మిసెస్ జుట్టు ఎగరేసుకుంటూ పోతుంటే లారీ డ్రైవర్లు బ్రేకులు మర్చిపోతున్నారండీ!" నవ్వుతూనే అన్నారట. ఈయనా నవ్వారట. ఇంటికొచ్చి నాతో ఆ మాట చెప్పలేదు, అది నాకు తర్వాతెప్పుడో పక్కింటావిడ ద్వారా తెలిసింది. ఆ రాత్రి భోజనం దగ్గర ఆయన మాట్లాడింది ఎండ గురించి. ఎండ, దుమ్ము, సీట్ల తోలు పగలడం.

"రేకు టాపు చేయిద్దాం అరుణా."

చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"పర్మనెంట్ కాదే బాబూ! తీసి పెట్టుకునేదే. నీక్కావలసినప్పుడు తీసెయ్. ఎవడొద్దన్నాడు?"

తీసి పెట్టుకునేదే. ఆ ఒక్క మాటకు ఒప్పుకున్నాను.

గోదావరిఖనిలో బస్టాండు వెనక బద్రుద్దీన్ షెడ్డు. లారీలకు క్యాబిన్లు కడతాడు, జీపులకు టాపులు కడతాడు. ఒకప్పుడు బాయి మనిషి... బొగ్గు బాయిలో దిగి పని చేసినవాడు. మాట తక్కువ. పని మొదలుపెట్టే ముందు రేకును అరచేత్తో ఒకసారి నిమురుతాడు.

బద్రుద్దీన్‌ని నేను అడిగింది ఒక్కటే. "నేను ఒక్కదాన్నే తియ్యగలగాలి బద్రుద్దీన్ భాయ్. ఈ రెండు చేతుల్తో. ఎవర్నీ పిలవకుండా, పానా అడగకుండా."

"గట్లెందుకమ్మా? సారుంటడు గద."

"సారు డ్యూటీలో ఉంటారు."

నా చేతుల వంక చూశాడు. ఏదో అర్థమైనట్టే ఉంది.

"రెక్కల నట్లు వెడత. పానాతోటి పనే లేదు. వేళ్ళతోటి గిట్ల తిప్పాలె, ఊడి రావాలె. ఫికర్ చెయ్యకుండ్రి."

ముందు అద్దం చట్రానికి రెండు. వెనక బాడీకి రెండు. నాలుగు ఇత్తడి నట్లు, రెండేసి చిన్న రెక్కలతో. పల్చటి రేకు, తేలికైన చట్రం. టాపు తయారైన రోజున వెళ్ళాను. నేనే బిగించాను. నేనే విప్పాను. అటొక చెయ్యి ఇటొక చెయ్యి వేసి లేపి, గోడకు ఆనించాను. చెమట కారిపోతోంది, నవ్వొస్తోంది. చిన్నపిల్లలాగా ఇంకోసారి బిగించి, ఇంకోసారి విప్పాను.

"చాలా బాగుంది భాయ్!"

బద్రుద్దీన్ టాపును మళ్ళీ ఎక్కించి, ఒక పుల్ల తీసుకుని, దాని మీద అక్కడక్కడ తట్టి విన్నాడు. చెవి దగ్గరగా పెట్టి. మొహం మాడిపోయింది.

"ఏమైంది?"

"ఏం లేదమ్మా. రంగేసి ఎల్లుండి ఇస్త."

మూడో రోజున మా ఆయనే వెళ్ళి తెచ్చారు. ఎర్ర కారు మీద ఎర్ర టాపు. కాలనీ అంతా చూసింది. ఇప్పుడు బండిలా ఉందండీ, అన్నారు.

సాయంత్రం తాళం తీసుకుని బయల్దేరాను. కొత్త రంగు వాసన. రేకు కింద వేడి. ఊరు దాటేదాకా ఓర్చుకున్నాను. కమాన్‌పూర్ రోడ్డు మీద, ఎవరూ లేనిచోట పక్కకు ఆపి, నట్లు విప్పాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. నాలుగూ ఒళ్ళో వేసుకున్నాను. బుల్లి బుల్లి రెక్కలు.

టాపు మీద చేతులేసి లేపాను.

రాలేదు.

ఇంకాస్త గట్టిగా. భుజం పెట్టి. నడుం పెట్టి. పళ్ళు బిగించి...

రాలేదు.

అప్పుడు చూశాను. అద్దం చట్రమూ టాపూ కలిసేచోట, రంగు కింద, వేలెడంత వెల్డింగ్ కాయ. ఆ మూలా. వెనక రెండు మూలలా. నట్లు ఉత్తుత్తివి. తిరుగుతున్నాయి, ఊడుతున్నాయి, దేన్నీ వదలడం లేదు.

బొగ్గు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. నేను లోపల కూర్చుని అద్దాలు ఎక్కించాను. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. మూత పెట్టిన గిన్నెలో కూర్చున్నట్టుంది. గిన్నెలో కూర్చుని, గిన్నెను నేనే నడుపుకుంటూ ఇంటికొచ్చాను.

ఆయన వెల్డింగ్ మీద వేలితో రాసి చూశారు. చూసి... నవ్వారు.

"అతికించేశాడే! పోనీలే. మంచిదే అయింది."

"ఏది మంచిది?"

"కదలదు. చప్పుడు చెయ్యదు. రేపు వర్షాలు కూడానూ."

"తీసి పెట్టుకునేదే అన్నారు."

"అన్నాను. కాదన్నానా? వాడు అతికిస్తే నేనేం చెయ్యను? అయినా ఇప్పుడు తియ్యడం ఎందుకో చెప్పు."

ఎందుకో చెప్పు! ఎన్ని మాటలు నాలుక దాకా వచ్చాయో. ఆయన పెరుగన్నం కలుపుకున్నారు. ఆవకాయ ముక్క కొరికారు. హాయిగా తిన్నారు. ఆయన మీద నాకు కోపం మామూలే, రోజూ వచ్చేదే. ఆ పూట వచ్చింది కోపం కాదు, అసహ్యం. పెళ్ళయ్యాక మొదటిసారి, ఈ మనిషి పక్కన ముసలిదాన్ని కావాలా అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం వంట ముగించి, నా చేతుల్తోనే ఆ గిన్నెను తోలుకుంటూ షెడ్డుకు వెళ్ళాను. తిట్టాల్సినవన్నీ దారిలో పేర్చుకున్నాను.

బద్రుద్దీన్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"తిట్టుండ్రమ్మా."

ఆ మాటతో సగం చల్లారిపోయాను.

"ఎందుకు చేశారు?"

ఆయన చెప్పాడు. నా మొహం చూడకుండా, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"బాయిల దిగంగనే కప్పును కట్టెతోటి తట్టి వింటం. గట్టిగ మోగితె పని చేస్తం. డొల్లగ మోగితె మనిషిని కిందికి పోనియ్యం. మా తమ్ముడు రహమతుల్లా... ఓ దినం తట్టకుంట పోయిండు. నేను వెనక వస్తున్న. ఆగురా అన్న. అనెటాల్లకే కప్పు వడ్డది."

రుమాలు మడత పెట్టాడు. మళ్ళీ విప్పాడు.

"మీ టాపును తట్టిన. డొల్లగ మోగింది."

"రేకు కదా భాయ్! రేకు అలాగే మోగుతుంది!"

"ఎర్కనే అమ్మా. రేకుతోటే బతుకుతున్న, నాకెర్క లేదా? చెవే మాట వింటలేదు. నట్టు ఊడి, స్పీడుల లేసి, మీ మీద వడితె? నిద్ర వట్టలే. పొద్దుగాల్ల వచ్చి నాలుగు మూలలు అతికిచ్చిన. చెప్తె వద్దంటరని చెప్పలే."

నన్ను కాపాడదామనుకున్నాడు. అంతే. ఆయన్ని ఏమని తిట్టను?

"సరే. ఇప్పుడు కోసెయ్యండి."

బద్రుద్దీన్ కదల్లేదు.

"సారు వచ్చిండమ్మా, పొద్దుగాల్లనే. డ్యూటీకి పోతు పోతు ఆగిండు. అమ్మ వచ్చి కొయ్యమంటది, కొయ్యద్దన్నడు."

"ఇంకేమన్నారు?"

"మంచి పని చేసినవ్ అని భుజం తట్టిండు. గప్పుడు సమజైంది నాకు... నేను చేసింది మంచిది గాదని."

చుట్టూ జీపులు. అన్నీ ఆఫీసర్ల జీపులే. సారు మాట కాదంటే ఈ జీపులు రేపు ఇక్కడికి రావు. బద్రుద్దీన్ ఆ మాట అనలేదు. నేనే చుట్టూ చూసి తెలుసుకున్నాను.

"మీరు కొయ్యొద్దు. రంపం ఎక్కడుంది?"

"మీతోటి గాదమ్మా."

"ఎక్కడుంది భాయ్?"

గోడ వైపు చూశాడు. ఇనుము కోసే రంపం మేకుకు వేలాడుతోంది. నేను తీసుకోబోతే, "ఆగుండ్రి, గా బ్లేడు మొండిది," అని కొత్త బ్లేడు బిగించి ఇచ్చాడు.

స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ముందు మూల. నా నెత్తికి జానెడు ఎత్తులో.

కోయడం మొదలుపెట్టాను.

ముందు బ్లేడు జారింది. తర్వాత పట్టుకుంది. కీచుమని ఒక చప్పుడు, పళ్ళల్లోకి దిగే చప్పుడు. ఇనప పొడి కళ్ళ మీద పడింది, జుట్టులో పడింది, ఒళ్ళో పడింది. చేయి మార్చాను. బొబ్బ లేచింది. చేయి మార్చాను. బొబ్బ పగిలింది. టీ కొట్టు దగ్గర నుంచి జనం ఒక్కరొక్కరే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. "అరె, సారు భార్య గదనె! బండిని కోస్తున్నది!" అన్నాడెవరో. కోస్తున్నాను. నీ పని చూసుకో నాయనా.

ఫస్టు షిఫ్టు ముగిసిన సైరన్ మోగింది. ఆయన ఇక బయల్దేరతారు. ఇంటికి తాళం వేసి ఉండటం చూస్తారు. ఎక్కడికి రావాలో ఆయనకు చెప్పక్కర్లేదు.

కోస్తూనే ఉన్నాను...

టక్కుమంది. ఒక మూల వదిలింది.

టాపు ఒక్కసారి అదిరింది. రేకంతా డొల్లగా, బోలుగా, నా నెత్తి మీద మోగింది.

"యా అల్లా!"

రెండో తలుపు తెరుచుకుంది. బద్రుద్దీన్ నా పక్క సీట్లోకి వచ్చి పడ్డాడు. రెండు అరచేతులూ ఎత్తి, నా తల పైన రేకుకు ఆనించి నిలిపాడు. భూమి కింద కప్పు పడకుండా దుంగలు నిలబెట్టిన చేతులు. ఆయన మొహం నిండా చెమట, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

గుమ్మం దగ్గర జనం గుసగుసలాడారు. సారు భార్య పక్కన, సారు సీట్లో, బద్రుద్దీన్.

"దిగిపోండి భాయ్. సారు చూస్తే మీ షెడ్డు..."

"చూడనియ్యుండ్రి." కళ్ళు తెరవలేదు. "డొల్ల కప్పు కింద మిమ్ముల ఒక్కదాన్ని ఎట్ల ఇడుస్త? కొయ్యుండ్రమ్మా. నేను పట్టుకున్న."

బయట హారన్ మోగింది, జీపు ఆగింది. ఆ హారన్ నాకు తెలుసు. జనం పక్కకు తప్పుకోవడం తెలుస్తోంది. బూట్ల చప్పుడు తెలుస్తోంది.

"అరుణా!"

పక్కనున్న చేతులు రేకు మీద నుంచి దిగలేదు.

"అరుణా, ఏంటిది? దిగు!"

నేను రెండో మూలకు బ్లేడు ఆనించాను.